స్టార్టింగ్ ట్రబుల్‌కు బెజవాడ నుంచి బహిరంగ లేఖ

స్టార్టింగ్ ట్రబులూ,

నిన్ను తిట్టని పాత కారు యజమాని ఈ కృష్ణా డెల్టాలో ఉండడు. తెల్లవారకముందే కొడుకును గన్నవరం ఎయిర్‌పోర్టులో దింపాల్సిన తండ్రి, ఉయ్యూరు నుంచి భార్యను గవర్నర్‌పేటలో డాక్టరుకు చూపించాల్సిన రిటైర్డ్ మాస్టారు, బందరు నుంచి వస్తూ పామర్రులో టీకి ఆగిన కుటుంబం... అందరికీ నువ్వు తెలుసు. తాళం తిరుగుతుంది, సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. మళ్లీ కొడతారు, మళ్లీ మళ్లీ కొడతారు. ఈలోపు బ్యాటరీ నీరసపడుతుంది. చుట్టుపక్కల వాళ్లు పోగవుతారు. ఎవరో ఒకరు ముందుకొచ్చి “తోద్దామా అండీ?” అంటారు.

ఈ లేఖ నీకు రాస్తున్నా, పదిమందీ చదవాలనే రాస్తున్నా. నువ్వు కారును ఆపేస్తున్నావన్నది నా ఫిర్యాదుల్లో చిన్నది. నీ పేరు చెప్పి జేబులు ఖాళీ అవుతున్నాయన్నది పెద్దది. నువ్వు వచ్చావనగానే ముందు ప్లగ్గులు మారతాయి. తగ్గకపోతే బ్యాటరీ మారుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఫ్యూయల్ పంపు. ఆఖరికి ఇంజిన్‌ను నడిపే కంప్యూటరును చూపించి “ఈసీయూ పోయింది సార్, బండి అమ్మేసుకోండి” అన్న మాట వస్తుంది. ఇంత ఖర్చయ్యాక అసలు లోపం తుప్పు పట్టిన ఎర్త్ వైరులో ఉందని తేలిన సందర్భాలు నాకు తెలుసు. అందుకే ఈ ఊళ్లో అందరి ముందూ చెబుతున్నా. నువ్వు ఎప్పుడు వస్తున్నావో అడిగి, ఆపైన కొలిచి చూస్తే నువ్వెక్కడున్నావో బయటపడుతుంది. అడగకుండా, కొలవకుండా పార్టులు మార్చడం తప్పు. ఆ తప్పు మీదే నువ్వు బతుకుతున్నావు.

నువ్వు ఎక్కువగా పట్టుకునే బండ్లు ఏవో చూద్దాం. 1998లో శాంట్రో మన రోడ్ల మీదికి ఎంపీఎఫ్ఐ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) ఇంజిన్‌తోనే వచ్చింది. 2000 ప్రాంతంలో మారుతి 800, జెన్ కూడా కార్బురేటర్‌ను వదిలి ఇంజెక్షన్‌కు మారాయి. వ్యాగన్ ఆర్, ఆల్టో పుట్టడమే ఇంజెక్షన్‌తో పుట్టాయి. కాలుష్య నిబంధనలు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే కార్బురేటర్‌కు చోటు లేకుండా పోయింది. ప్రపంచంలో ఈ మార్పు అంతకు చాలా ముందే మొదలైంది. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1967లో డి-జెట్రానిక్ పేరుతో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను కార్లలోకి తెచ్చింది. మన దగ్గరికి వచ్చేసరికి మూడు దశాబ్దాలు పట్టింది. అలా వచ్చిన ఆ తొలి తరం బండ్లే ఇప్పుడు పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు దాటి డెల్టా ఊళ్లలో తిరుగుతున్నాయి. ఇంజిన్లలో ఇంకా సత్తా ఉంది. వాటి చుట్టూ ఉన్న వైర్లు, రబ్బర్లు, సెన్సర్లు ముసలివయ్యాయి. నువ్వు కాపురం పెట్టేది అక్కడే.

అంబాసిడర్, పద్మిని రోజుల్లోనూ నువ్వు ఉన్నావు. అప్పుడు నీ ఆట కంటికి కనిపించేది. పెట్రోలును ఇంజిన్ తానే ఒక చిన్న పంపుతో లాక్కునేది. చల్లగా ఉంటే చోక్ లాగేవాళ్లు. బ్యాటరీ సగం నీరసపడినా నలుగురు తోస్తే బండి అందుకునేది. ఇంజెక్షన్ బండిలో ఆ పనులన్నీ కరెంటు మీద ఆధారపడ్డాయి. ట్యాంకులో మునిగి ఉండే పంపు పెట్రోలును 3 బార్‌కు అటూ ఇటూ ఒత్తిడితో ముందుకు నెడుతుంది. క్రాంక్ సెన్సరు ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకు చెబుతుంది. నీళ్ల వేడి చూసే సెన్సరు ఎంత చల్లగా ఉందో చెబుతుంది. దాన్నిబట్టి ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో ఈసీయూ లెక్కగడుతుంది. వెనకటి చోక్ చేసిన పని ఇప్పుడు గోరంత సెన్సరు చెప్పే మాట మీద నడుస్తోంది. ఆ సెన్సరు తప్పు చెబితే ఈసీయూ తప్పు లెక్కే వేస్తుంది.

కాబట్టి ఇంజిన్ అందుకోవాలంటే అయిదు కావాలి. సెల్ఫ్ తగినంత వేగంగా తిప్పాలి. పెట్రోలు సరైన ఒత్తిడిలో రావాలి. నిప్పురవ్వ వేళకు పడాలి. గాలి సరిపడా అందాలి. సెన్సర్లు నిజం చెప్పాలి. ఈ అయిదింటిలో ఏది తప్పినా పైకి కనిపించేది ఒకటే, బండి స్టార్ట్ కాదు. జ్వరం ఎన్ని జబ్బులకు వస్తుందో నువ్వూ అన్ని లోపాలకు వస్తావు. జ్వరం పొద్దున వస్తోందా, సాయంత్రం వస్తోందా, చలితో వస్తోందా అని అడగకుండా మందు రాసే వైద్యుణ్ని మనం నమ్మం. పాత కారు విషయంలో మాత్రం ఆ ప్రశ్న అడగనివాణ్ని నమ్మి తాళాలు ఇచ్చేస్తున్నాం.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. సెల్ఫే తిరగడం లేదా? తిరిగినా ఇంజిన్ అందుకోవడం లేదా? ఈ రెండూ వేర్వేరు దారులు. వీటిని కలిపేస్తేనే నీకు దాక్కునే చోటు దొరుకుతుంది.

సెల్ఫ్ టిక్కుమని ఆగినా, బరువుగా తిరిగినా ముందు బ్యాటరీ దగ్గరికే పోవాలి. కొత్తది కొనడానికి కాదు, కొలవడానికి. కొన్ని గంటలు కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2కు దిగితే అందులో ఉన్నది సగమే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 వోల్టుల కిందికి పడిపోతే ఆ బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి మళ్లీ పరీక్షించాలి. బెజవాడ ఎండల్లో బ్యాటరీకి ఆయుష్షు తక్కువ. మే నెలలో 45 డిగ్రీలు తగిలే ఊళ్లో, బానెట్ కింద అంతకు మించిన వేడిలో, లోపలి ప్లేట్లు త్వరగా చివికిపోతాయి, నీరు త్వరగా ఆవిరవుతుంది. అందుకే ఎండాకాలంలో దెబ్బతిన్న బ్యాటరీ బండారం చాలాసార్లు వానాకాలంలోనో, సంక్రాంతి ముందో బయటపడుతుంది. అప్పుడు అందరూ చలిని నిందిస్తారు. డెల్టాలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. మంచి బ్యాటరీని ఆపేంత చలి మనకు లేదు.

బ్యాటరీ బాగుండీ సెల్ఫ్ బరువుగా తిరిగితే నువ్వు వైర్లలో ఉన్నావు. ఈ డెల్టాలో నీకు బాగా ఇష్టమైన చోటు అదే. బందరు, అవనిగడ్డ, నాగాయలంక వైపు ఉప్పుగాలి. మిగతా డెల్టా అంతా కాలవల తేమ, చేల తేమ. ఇంజిన్‌నూ గేరుబాక్సునూ బాడీతో కలిపే ఎర్త్ వైరు చివర్లలో పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుంటుంది. పైకి బిగువుగానే కనిపిస్తుంది, లోపల కరెంటు దారి మూసుకుపోతుంది. మల్టీమీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజిన్ ఇనుముకు ఆనించి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే చూడాలి. 0.2 వోల్టు లోపు ఉంటే దారి శుభ్రంగా ఉన్నట్టు. అర వోల్టు దాటితే ఆ వైరు విప్పి, గీకి, బిగించాలి, లేదా మార్చాలి. ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు. దానికి కావలసిన మల్టీమీటరు కొత్త ప్లగ్గుల సెట్టు కంటే ఖరీదైనదేమీ కాదు. అయినా ఈ కొలత తీయకుండా సెల్ఫ్ మోటారే విప్పి కింద పెట్టే షెడ్లు చాలా ఉన్నాయి.

ఇక సెల్ఫ్ చురుగ్గా తిరిగినా ఇంజిన్ అందుకోని రకం. ఇక్కడే నువ్వు ఎప్పుడు వస్తావన్న ప్రశ్న పనికొస్తుంది.

రాత్రంతా ఆగిన బండి పొద్దున్నే చాలాసేపు తిప్పించుకుని స్టార్ట్ అయి, ఆ తర్వాత రోజంతా ఒక్క తిప్పుకే అందుకుంటోందా? అయితే రాత్రిపూట లైనులో పెట్రోలు ఒత్తిడి దిగిపోతోందేమో చూడాలి. పంపులో ఒక చిన్న వాల్వు ఉంటుంది. ఇంజిన్ ఆగాక లైనులో పెట్రోలు వెనక్కి పోకుండా పట్టి ఉంచడం దాని పని. అది అరిగితే పెట్రోలు ట్యాంకులోకి దిగిపోతుంది. పొద్దున సెల్ఫ్ తిరిగే సమయమంతా ఖాళీ లైను నింపడానికే పోతుంది. దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ దాకా తిప్పి రెండు సెకన్లు ఆగాలి. వెనక సీటు వైపు నుంచి పంపు సన్నగా గుయ్‌మంటుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్. ఇలా మూడు నాలుగుసార్లు చేశాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుందా? ఒత్తిడి దిగిపోతోందని దాదాపు తేలినట్టే. ఆ తర్వాత ప్రెషర్ గేజ్ పెట్టి, ఇంజిన్ ఆపాక ముల్లు ఎంత త్వరగా పడిపోతోందో, పంపు వైపు లైను మూస్తే నిలబడుతోందో లేదో మెకానిక్ చూడాలి. నిలబడితే పంపు వాల్వు. నిలబడకపోతే రెగ్యులేటరో, కారుతున్న ఇంజెక్టరో. గేజ్ పెట్టకుండా పంపు మార్చినవాడు ఊహ మీద మార్చినట్టే.

ఆ గుయ్ శబ్దమే రాకపోతే దారి వేరు. ఫ్యూజు, రిలే, పంపుకు వెళ్లే వైరు, పంపు, ఈ వరసలో చూడాలి. పంపు దగ్గర కరెంటు వస్తోందో లేదో చూడకుండా పంపును నిందించకూడదు. రిలే ధరకూ పంపు ధరకూ ఎంతో తేడా. బెంజి సర్కిల్ హారన్ల మధ్య ఆ శబ్దం వినబడదు. ఇంటి దగ్గర తెల్లవారుజామున వినాలి.

యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితే తప్ప అందుకోవడం లేదా? గాలి చాలడం లేదు. థ్రోటిల్ బాడీలోనూ ఐడిల్ వాల్వులోనూ మసి పేరుకుని ఉంటుంది. శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. పెడల్ పూర్తిగా నేలకు తొక్కి సెల్ఫ్ కొడితే అందుకుంటోందా? అప్పుడు పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడుస్తున్నాయి. చాలా ఇంజెక్షన్ బండ్లలో పెడల్ పూర్తిగా తొక్కి ఉంచి తిప్పితే ఈసీయూ పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది, తడిసిన సిలిండరు ఆరుతుంది. పెడల్ వదిలేసి, కొద్దిగా తొక్కి, పూర్తిగా తొక్కి చూడటానికి మెకానిక్ అక్కర్లేదు, పనిముట్టు అక్కర్లేదు. మెకానిక్ దగ్గరికి పోయేముందు ఈ మూడూ చూసి చెప్పగలిగితే అతని పని సగం తగ్గుతుంది.

నీళ్ల వేడి చూసే సెన్సరులో నువ్వు దూరినప్పుడు నిన్ను పట్టుకోవడం కష్టం. వైరు పూర్తిగా తెగితే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. సెన్సరు కొద్దిగా తప్పు చెబితే మాత్రం ఏ లైటూ వెలగదు. ఇంజిన్ చల్లగా ఉన్నా వేడిగా ఉందని చెబితే పెట్రోలు చాలదు. వేడిగా ఉన్నా చల్లగా ఉందని చెబితే పెట్రోలు ఎక్కువవుతుంది. ఇక్కడా కొలతే శరణ్యం. చాలా బండ్లలో ఈ సెన్సరు 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర వేల ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు చూపుతుంది. ఈసీయూ సమాచారం చదివే స్కానరు ఉంటే ఇంకా తేలిక. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే తాళం ఆన్ చేసి, ఇంజిన్ నీళ్ల వేడీ లోపలికి పీల్చే గాలి వేడీ పక్కపక్కన చూడాలి. రెండూ దాదాపు ఒక్కటిగా ఉండాలి. ఇరవై డిగ్రీల తేడా కనిపిస్తే ఒక సెన్సరు అబద్ధం చెబుతోందన్నమాట.

ఇంకోరకం మనుషులు ఉన్నారు. వాళ్ల బండి పొద్దున్నే చక్కగా అందుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఏలూరు రోడ్డులో ఓ కొట్టు ముందు ఆపి, కాసేపట్లో తిరిగొచ్చి తాళం తిప్పితే మొండికేస్తుంది. గంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. వేడితో వచ్చే ట్రబుల్ ఇది. ఇంజిన్ ఆపగానే నీళ్లు తిరగడం ఆగిపోతుంది, ఫ్యాను గాలి ఆగిపోతుంది, బానెట్ కింద వేడి తగ్గకపోగా కాసేపు పెరుగుతుంది. అప్పుడు పాతబడిన క్రాంక్ సెన్సరు లోపలి సన్నని తీగ వ్యాకోచించి సిగ్నల్ ఆపేస్తుంది, చల్లబడగానే మళ్లీ మామూలవుతుంది. ఆ సిగ్నల్ లేకపోతే ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకు తెలియదు, నిప్పూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. దీనికి పరీక్ష ఏమంటే, బండి మొండికేసిన ఆ క్షణంలోనే స్కానరు పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడటం. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే ముందు అనుమానించాల్సింది క్రాంక్ సెన్సరునూ దాని వైరునూ. షెడ్డుకు తోలుకెళ్లేసరికి బండి చల్లబడుతుంది, నువ్వు మాయమవుతావు. “ఏమీ లేదు సార్, బాగానే ఉంది” అంటారు. అందుకే వేడిలో వచ్చే ట్రబుల్‌ను వేడిలోనే చూడాలి. లైనులో ఒత్తిడి నిలవని బండికి ఈ వేడి మరో దెబ్బ. ఒత్తిడి పోయిన లైనులో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. తాళం మూడు నాలుగుసార్లు ఆన్ చేసే చిట్కా ఇక్కడా పనిచేస్తే దోషం సెన్సరుది కాదు, ఒత్తిడిది.

మూడోరకం వానకు వచ్చేది. తుపాను గాలిలో రాత్రంతా తడిసిన బండి పొద్దున అందుకోకపోతే నిప్పు వైపు చూడాలి. ప్లగ్గులకు నిప్పు మోసే పాత హెచ్‌టీ లీడ్ల రబ్బరు సన్నగా పగిలి ఉంటుంది. తేమ తగిలితే నిప్పు ప్లగ్గుదాకా పోకుండా పక్క ఇనుముకు దూకుతుంది. చీకట్లో బానెట్ తెరిచి, చెయ్యి దూరంగా పెట్టుకుని, వేరొకరిచేత సెల్ఫ్ కొట్టిస్తే నీలి రంగు మెరుపులు కనిపిస్తాయి. అది కనిపించాక లీడ్లు మార్చడంలో అనుమానం లేదు. ఆ లీడ్లను ఎట్టి పరిస్థితిలోనూ చేత్తో పట్టుకోకూడదు. పెట్రోలు వాసన ఉన్న చోట అసలు ఈ పరీక్ష చేయకూడదు.

వాన గురించి రాస్తూ 2024 సెప్టెంబరు 1ని వదిలేయలేను. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందు కార్లు కప్పుదాకా మునిగాయి. అలా మునిగిన బండిని నీళ్లు తీయకుండా సెల్ఫ్ కొట్టడం ఇంజిన్‌ను చేజేతులా విరగ్గొట్టుకోవడమే. సిలిండర్లో నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గులు విప్పి, నీళ్లు బయటికి పోనిచ్చి, ఆయిలు మార్చాకే తిప్పాలి. ఎంతో ఖర్చు పెట్టి బాగుచేయించుకున్న బండ్లలో కూడా నువ్వు మిగిలిపోయావు. వైర్ల కనెక్టర్లలో బురద నీరు ఆరిపోయింది, పచ్చ తుప్పు మిగిలింది. నెలలు గడిచాక ఒక రోజు పనిచేసి ఒక రోజు పనిచేయని సెన్సరుగా బయటపడతావు. ఆ బండ్ల యజమానులకు నా మనవి ఏమిటంటే, కొత్త సెన్సరు కొనేముందు దాని కనెక్టరు ఊడదీసి లోపలి పిన్నులు చూడండి. సెకండ్‌హ్యాండ్‌లో బండి కొనేవాళ్లు సీట్ల కింద, డ్యాష్‌బోర్డు లోపల బురద ఆనవాళ్లు వెతకండి. వరద సంగతి దాచి బండి అమ్మడం మోసం.

ఊళ్లలో ఇంకో కారణం ఉంది, ఎలుక. కోతలయ్యాక ధాన్యం ఇంటికి చేరితే దాంతోపాటు ఎలుకలూ చేరతాయి. నాలుగు రోజులు కదలని కారు బానెట్ కింద వెచ్చని చోటు చూసుకుని వైర్లు కొరుకుతాయి. ఇంజెక్టరు వైరు ఒక్కటి తెగితే ఒక సిలిండరు పోతుంది, క్రాంక్ సెన్సరు వైరు తెగితే బండే ఆగిపోతుంది. పండక్కి ఊరెళ్లి వచ్చాక బండి అందుకోకపోతే ముందు బానెట్ ఎత్తి టార్చి వేసి చూడాలి.

ఇప్పుడు పెట్రోలు సంగతి. దేశంలో 2023లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మొదలై, ఇప్పుడు బంకుల్లో అదే మామూలైంది. నీ నేరాలన్నీ దాని మీద వేసేవాళ్లు ఎక్కువయ్యారు. న్యాయంగా మాట్లాడాలి. ఇథనాల్‌కు నీటిని పీల్చే గుణం ఉంది. వాడకుండా నెలల తరబడి నిలబెట్టిన బండిలో, తేమ ఎక్కువగా ఉండే డెల్టాలో, ట్యాంకులోకి చేరిన నీరు ఇథనాల్‌తో కలిసి అడుక్కి విడిపోవచ్చు. పంపు మొదట పీల్చేది ఆ అడుగు పొరనే. ఇథనాల్ కోసం తయారు కాని పాత రబ్బరు పైపులు, సీళ్లు త్వరగా దెబ్బతినవచ్చు. లీటరుకు వచ్చే శక్తి కూడా తక్కువే. ఇదంతా నిజం. కానీ తుప్పు పట్టిన ఎర్త్ వైరును ఇథనాల్ తుప్పు పట్టించలేదు, క్రాంక్ సెన్సరును ఇథనాల్ చంపలేదు. పెట్రోలును అనుమానిస్తే దాన్నీ పరీక్షించాలి. ఒక గాజు సీసాలోకి కాస్త తీసి నిలబెడితే అడుగున నీటి పొర ఉందో లేదో కంటికి కనిపిస్తుంది. అన్నిటికంటే పంపును ఎక్కువగా చంపేది మన అలవాటు, ట్యాంకు ఎప్పుడూ రిజర్వులో నడపడం. ట్యాంకులోని పంపు పెట్రోలులో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది. కనీసం పావు ట్యాంకు ఉంచుకుంటే అది చాలా కాలం బతుకుతుంది.

తోయడం గురించి కూడా చెప్పాలి. ఇంజెక్షన్ బండిని పదేపదే తోసి స్టార్ట్ చేస్తే, కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోతే పంపూ ఈసీయూ పనిచేయవు, ఎంత తోసినా ప్రయోజనం ఉండదు. తోయడానికి వచ్చిన మంచి మనుషుల్ని జంపర్ కేబుళ్లు తెచ్చిపెట్టమని అడగడం మేలు.

ఇంత తెలిసీ పార్టులు ఊహ మీద ఎందుకు మారుతున్నాయి? మా వీధిలో ఒక శాంట్రోకు ఓ షెడ్డులో పంపు మార్చారు, కాయిల్ మార్చారు, ఈసీయూ మార్చాలన్నారు. చివరికి గేరుబాక్సు ఎర్త్ వైరు మారిస్తే బండి అందుకుంది. పాత పంపు తిరిగి ఇవ్వలేదు, మార్చిన పార్టుల డబ్బూ తిరిగి రాలేదు. ఇలాంటివి జరగడానికి కారణం ఒక్క మెకానిక్ దురాశే అనుకోను. పరీక్షకు మనం కూలి ఇవ్వం. గంటసేపు మీటరు పట్టుకుని లోపం కనిపెట్టినవాడికి “ఏం మార్చావని డబ్బులు?” అంటాం. పార్టు మార్చినవాడికి మాత్రం బిల్లు చూసి ఇచ్చేస్తాం. కనిపెట్టే నేర్పుకు విలువ కట్టని చోట మార్చే అలవాటే పెరుగుతుంది.

బెజవాడకు ఈ మాట చెప్పాల్సి రావడం బాధ. జవహర్ ఆటోనగర్ ఉన్న ఊరు ఇది. లారీ బాడీలు కట్టడంలో, ఇంజిన్ రీబోరులో, లేత్ పనిలో, కమ్మరి పనిలో దక్షిణాది అంతటికీ పేరున్న పనివాళ్లు ఇక్కడ తయారయ్యారు. శబ్దం విని బేరింగు పోయిందో, వాల్వు వదులైందో చెప్పే పెద్దమేస్త్రీలు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల చెవి విద్య గొప్పది. ఇంజెక్షన్ బండి కష్టాలు చెవికి వినబడవు, వోల్టుల్లో, ఓముల్లో, బార్లలో దాక్కుంటాయి. ఆ చెవికి మీటరూ స్కానరూ తోడైతే మన ఆటోనగర్‌ను మించిన చోటు ఉండదు. ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికల్ చదివే పిల్లలకు స్కానరు కోడ్ చదవడం నేర్పితే చాలదు. కోడ్ ఒక వైరుదారి వైపు వేలు చూపిస్తుందంతే, మార్చాల్సిన పార్టు పేరు చెప్పదు. 2010కి ముందు బండ్లలో చాలావాటికి ఆ కోడ్ కూడా పూర్తిగా దొరకదు. అలాంటి పాత బండిని ముందు పెట్టి, చాటుగా ఒక వైరు తీసేసి, కనిపెట్టమనండి. ఆ పరీక్ష నెగ్గినవాడే రేపు నిన్ను ఓడించేవాడు.

ఈ పాత బండ్లను తుక్కుకు వేసెయ్యమనే సలహా కూడా వింటున్నాం. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి 2022 ఏప్రిల్‌లో ఫీజు 5,000 రూపాయలకు పెరిగింది. అయినా చాలామంది కట్టుకుంటున్నారు, ఎందుకంటే వాళ్లకు ఉన్నది ఆ ఒక్క కారే. అది పెద్దాయన డయాలిసిస్‌కు వెళ్లే బండి, కౌలు రైతు పురుగుమందులు తెచ్చుకునే బండి, ఆడపిల్ల పురిటికి వచ్చే బండి. నిజంగా పొగ చిమ్మే, బాడీ తుప్పు పట్టి కూలే బండికి తుక్కు దారే న్యాయం. కానీ ఒక రిలే, ఒక ఎర్త్ వైరు, ఒక సెన్సరు పోయినందుకు మంచి ఇంజిన్‌ను చంపడం న్యాయం కాదు.

కాబట్టి స్టార్టింగ్ ట్రబులూ, నువ్వు పూర్తిగా పోతావని నేను అనుకోను. యంత్రం పాతబడితే నువ్వు వస్తావు. వస్తే రా. ఇకమీదట నిన్ను ప్రశ్నలతో ఎదుర్కొంటాం.

చదువుతున్న పాత కారు సోదరులారా, అక్కచెల్లెళ్లారా, మీకు నా విన్నపం ఇది. డ్యాష్‌బోర్డులో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. బండి మొండికేసిన ప్రతిసారీ రాయండి: చల్లగా ఉందా, వేడిగా ఉందా, వాన పడిందా, ఎంతసేపు ఆగింది, సెల్ఫ్ ఎలా తిరిగింది, పెడల్ తొక్కితే ఏమైంది, ట్యాంకులో ఎంత ఉంది. ఆ పుస్తకం మెకానిక్ చేతిలో పెట్టండి. పరీక్షకు ఎంత కూలి అని ముందే అడగండి, అడిగింది ఇవ్వండి. ఏదైనా పార్టు పోయిందంటే “ఏం కొలిచారు, ఎంత వచ్చింది?” అని మర్యాదగా అడగండి. మార్చిన పాత పార్టు మీ చేతికి తీసుకోండి. మెకానిక్ సోదరులారా, మీరూ “చూశాం” అనకుండా “కొలిచాం” అనండి. మీ మాటకు విలువ పెరుగుతుంది, మీ కూలికీ విలువ పెరుగుతుంది.

కొలిచి చూపించేదాకా ఏ పార్టునూ మార్చనివ్వకండి.

ఇట్లు,
కృష్ణా డెల్టాలో పాత కారు నడుపుకునే ఒక బెజవాడ మనిషి